మంగళవారం పనిచేయని ‘మైనస్ యూ’ గురువారం ఎలా పనిచేసింది?

హైదరాబాద్ కంపెనీలో జావా డెవలపర్‌గా చేరి ఏడు నెలలైన ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. ఆమె ప్రస్తుతం రాజమండ్రిలో ఇంటి నుంచే పనిచేస్తున్నారు. నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. ఆమె చూసే బిల్లింగ్ సర్వీసు, బెంగళూరు టీమ్ రాసే కామన్ లైబ్రరీని వాడుకుంటుంది. ఏ లైబ్రరీ ఏ వెర్షన్ కావాలో రాసుకునే పామ్ ఫైల్‌లో ఆ లైబ్రరీ వెర్షన్ 2.4.0-స్నాప్‌షాట్.

2025 జూన్ 16, సోమవారం మధ్యాహ్నం ఆమె లైబ్రరీలో తన బ్రాంచ్ మీద, మొత్తాన్ని పైసల వరకు రౌండ్ చేసే మెథడ్ ఒకటి రాసి, జావా బిల్డ్ టూల్ మావెన్‌లో క్లీన్ ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టారు. సర్వీసులో ఆ మెథడ్ వాడితే టెస్టులన్నీ పాసయ్యాయి. సర్వీసు కోడ్‌ని టీమ్ కోడ్‌లో కలిపారు, అంటే మెర్జ్ చేశారు. టీమ్ కోడ్‌ని దానంతటదే బిల్డ్ చేసే సీఐ సర్వర్ మాత్రం ‘సింబల్ దొరకలేదు’ అని, అంటే ఆ మెథడ్ కనపడలేదని, ఆగిపోయింది. మంగళవారం మావెన్‌కి మైనస్ యూ ఆప్షన్ (లైబ్రరీల్లో కొత్తది వచ్చిందేమో ఇప్పుడే చూడమనేది) పెట్టి ఎన్నిసార్లు బిల్డ్ కొట్టినా ఆమె దగ్గర పాస్, సర్వర్‌లో ఫెయిల్. ఉదయం మీటింగ్‌లో లీడ్ అందరి ముందూ, “కంపైల్ కూడా చేసుకోకుండా ఎలా మెర్జ్ చేశావమ్మా?” అన్నారట. బుధవారం ఒక సీనియర్, “డాట్ ఎం2 మొత్తం లేపెయ్, అదే సెట్ అవుద్ది” అన్నాడు. మావెన్ దించుకున్నవన్నీ దాచుకునే ఫోల్డర్ అది. అందులోని రిపాజిటరీ లేపేస్తే ఆ రోజు ఒకటిన్నర జీబీ డేటా బిల్డ్‌కే అయిపోయింది. పైగా ఈసారి తన దగ్గర కూడా ఫెయిలైంది. కంగారుపడి లైబ్రరీని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పాసైపోయింది. గురువారం సాయంత్రం 6:10కి బెంగళూరు వాళ్లు ఆమె మెథడ్‌ని మెర్జ్ చేసి, అందరూ లైబ్రరీలు దించుకునే కంపెనీ రెపోలో పబ్లిష్ చేశారు. రివ్యూలో రౌండింగ్‌ను హాఫ్ అప్ (సరిగ్గా సగం ఉంటే పైకి) నుంచి హాఫ్ ఈవెన్‌కి (సగం ఉంటే దగ్గరి సరి అంకెకి) మార్చారు. అంటే 12.345 ఇకపై 12.34 కావాలి. ఏడింటికి బిల్డ్ కొడితే ఇంకా 12.35 వస్తోంది. మైనస్ యూ పెట్టగానే 12.34 వచ్చింది.

“మంగళవారం పనిచేయనిది గురువారం ఎలా పనిచేసింది? తప్పు నాదా, మావెన్‌దా? లీడ్‌తో మాట్లాడాలా, ఊరుకోవాలా? వచ్చే నెల గ్రేడిల్ (ఇంకో బిల్డ్ టూల్) ప్రాజెక్టుకి మారుతున్నాను, అక్కడా ఇదే బాధేనా?” అన్నవి ఆమె ప్రశ్నలు. బుధవారం నాటి డాట్ ఎం2 ఫోల్డర్ లిస్టింగ్ కూడా జత చేశారు.

* * *

మీరు లిస్టింగ్ పంపడం చాలా మంచి పని. జవాబు సగం అందులోనే ఉంది. ముందు ఒక మాట: మీరు కంపైల్ చేయకుండా మెర్జ్ చేయలేదు. కంపైల్ చేశారు, టెస్టులూ నడిపారు. కాకపోతే మీరు కంపైల్ చేసింది ఒక జార్‌తో (బిల్డ్ అయిన లైబ్రరీ ఫైల్), సర్వర్ కంపైల్ చేసింది వేరే జార్‌తో. రెండిటి పేరూ ఒకటే కావడంతో ఆ తేడా ఎవరికీ కనపడలేదు.

మామూలు రిలీజ్ వెర్షన్, ఉదాహరణకు 2.3.0, ఒకసారి పబ్లిష్ అయితే ఇక మారదు. అందుకే మావెన్ దాన్ని ఒకసారి దించుకుని ఊరుకుంటుంది, మళ్లీ అడగదు. స్నాప్‌షాట్ అలా కాదు. ఆ పేరుకి అర్థం ‘2.4.0 ఇంకా తయారవుతోంది, ఇప్పటికి ఉన్నవాటిలో కొత్తది ఇవ్వు’ అని. ఆ ‘కొత్తది’ ఏదో తేల్చేది మీ లైబ్రరీ ఫోల్డర్ కింద 2.4.0-స్నాప్‌షాట్ అనే సబ్ ఫోల్డర్‌లోని చిన్న చిన్న ఫైళ్లు. అందరూ జార్‌నే చూస్తారు, వాటిని చూడరు.

మీ లిస్టింగ్‌లో రెండు జార్లున్నాయి. ఒకదాని పేరు చివర 2.4.0-20250616.043012-41 అని ఉంది. అది కంపెనీ రెపో నుంచి దిగినది. తేదీ, సమయం, చివర 41వ బిల్డ్. ఆ సమయం యూటీసీలో ఉంటుంది. ఐదున్నర గంటలు కలిపితే మన టైమ్‌లో సోమవారం ఉదయం పది దాటి పన్నెండు సెకన్లు. ఈ ఐదున్నర గంటల సంగతి మరిచిపోయి ‘పొద్దున నాలుగున్నరకి ఎవడు పబ్లిష్ చేశాడు’ అని వెతికేవాళ్లు ఎంతోమంది.

రెండో జార్ పేరు చివర ఊరికే 2.4.0-స్నాప్‌షాట్ అని ఉంటుంది. చిక్కంతా దీనితోనే. మీరు ఇన్‌స్టాల్ కొట్టినప్పుడు మీ జార్ ఈ పేరుతోనే పడుతుంది. రెపో నుంచి టైమ్‌స్టాంప్ జార్ దిగినప్పుడు కూడా మావెన్ దానికి ఇదే పేరుతో ఒక కాపీ తీసి పెడుతుంది. అంటే ఒకే పేరు మీద ఇద్దరు రాస్తున్నారు. పేరు చూసి అది ఎవరిదో చెప్పలేం.

చెప్పగలిగేవి పక్కనున్న రెండు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు. ‘మావెన్-మెటాడేటా-లోకల్’ మీ ఇన్‌స్టాల్ రాసినది. తెరిచి చూడండి, అందులో ‘లోకల్ కాపీ: ట్రూ’ అని, ‘లాస్ట్ అప్‌డేటెడ్’ కింద 20250618054020 అని ఉంటుంది. మన టైమ్‌లో బుధవారం ఉదయం 11:10. కంగారులో మీరు రెండోసారి ఇన్‌స్టాల్ కొట్టిన సమయమే కదా? రెండో ఫైల్ పేరు చివర మీ కంపెనీ రెపో ఐడీ ఉంటుంది. అది ఆ రెపో దగ్గరి సమాచారానికి నకలు. అందులో చివరి సమయం సోమవారం ఉదయానిదే. మావెన్ ఈ రెండు సమయాలూ పోల్చి, ఏది కొత్తదైతే దాన్ని తీసుకుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లోదా, రెపోలోదా అని పక్షపాతం చూపదు.

ఇప్పుడు మంగళవారం సంగతి. మైనస్ యూ అంటే ‘రెపోలోదే తీసుకో’ అని చాలామంది అనుకుంటారు. దాని పని అది కాదు. ‘గడువు చూడకుండా ఇప్పుడే వెళ్లి రెపో మెటాడేటాని మళ్లీ చూడు’ అనడం, అంతే. మంగళవారం మావెన్ నిజంగానే వెళ్లి చూసింది. అక్కడ ఉన్నది సోమవారం ఉదయం పదింటి జార్. మీ దగ్గర ఉన్నది సోమవారం మధ్యాహ్నానిది. మీదే కొత్తది కాబట్టి మీదే వాడింది. మీరు వందసార్లు కొట్టినా అదే జరిగేది. గురువారం సాయంత్రం రెపోలో 20250619.124005-42 వచ్చింది. అది మీ బుధవారం ఇన్‌స్టాల్ కన్నా కొత్తది, అందుకే ఈసారి మైనస్ యూ దాన్ని దించింది.

మరి ఏడింటికి మైనస్ యూ లేకుండా కొట్టినప్పుడు 12.35 ఎందుకొచ్చింది? మీ రెపోకి ‘అప్‌డేట్ పాలసీ’ అని విడిగా పెట్టకపోతే డీఫాల్ట్ ‘డెయిలీ’. ఇది ఇరవైనాలుగు గంటల లెక్క కాదు. చివరిసారి చూసింది ఈ రోజు అర్ధరాత్రికి ముందా, తర్వాతా అన్నదే లెక్క. గురువారం ఉదయం మీ మొదటి బిల్డ్‌లోనే ఆ చూడటం అయిపోయింది. ఎప్పుడు చూసిందో ‘రిజాల్వర్-స్టేటస్’ అనే ప్రాపర్టీస్ ఫైల్‌లో రాసుకుంటుంది. ఇక ఆ రోజుకి మళ్లీ వెళ్లదు. మీరు మైనస్ యూ పెట్టకుండా ఉండి ఉంటే శుక్రవారం ఉదయం దానంతటదే ‘బాగైపోయేది’. అలా కారణం తెలియకుండా బాగైపోయిన వాటి వల్లే టీముల్లో మూఢనమ్మకాలు పుడతాయి.

పాలసీని ‘ఆల్వేస్’ అని మార్చేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. గురువారం సమస్య తీరుతుంది, సోమవారంది తీరదు. పైగా ప్రతి బిల్డ్‌కీ, ప్రతి స్నాప్‌షాట్‌కీ, ప్రతి రెపోకీ ఒక రిక్వెస్ట్ పోతుంది. హాట్‌స్పాట్ మీద అది నరకం. మధ్యాహ్నం డీబగ్ చేస్తూ ఉండగా కాళ్ల కింద లైబ్రరీ మారిపోవడం మరో ఇబ్బంది. మీకు ‘డెయిలీ’నే ఉంచి, ఎవరైనా ‘పబ్లిష్ చేశాం’ అన్నప్పుడు మాత్రం మైనస్ యూ పెట్టడం మంచిది. ఒక పని మధ్యలో ఏదీ మారకూడదనుకుంటే మైనస్ ఎన్ఎస్‌యూ ఉంది, అది స్నాప్‌షాట్లను అప్‌డేట్ చేయొద్దని చెబుతుంది.

తప్పు ఎవరిది అన్నదానికి సూటిగా చెబుతాను. మావెన్ దాని నియమం ప్రకారమే నడిచింది. లైబ్రరీ మార్పు మెర్జ్ అయి పబ్లిష్ కాకముందే సర్వీసు కోడ్‌ని మెర్జ్ చేయడం మీ వైపు పొరపాటు. అది ఏడు నెలల అనుభవంలో ఎవరైనా చేసేదే. అలా జరగకుండా ఆపే ఏర్పాటు ఏదీ లేకపోవడం టీమ్ వైపు లోపం. సీఐ సర్వర్ ఫెయిలవడం మాత్రం మంచికే జరిగింది. అది తన పని తాను చేసింది.

ఇక మీదట ఏం చేయొచ్చు? మీ ముందు నాలుగైదు దారులున్నాయి. ఒక్కోదాని ఖరీదు వేరు.

అన్నిటికన్నా చవకైనది అలవాటు మార్చుకోవడం. క్లీన్ ఇన్‌స్టాల్ బదులు క్లీన్ వెరిఫై కొట్టండి. కంపైల్, టెస్టులు, ప్యాకేజింగ్, ఇంటిగ్రేషన్ టెస్టులు అన్నీ వెరిఫై వరకు నడుస్తాయి. ఇన్‌స్టాల్ అదనంగా చేసేది ఒక్కటే, జార్‌ని లోకల్ రెపోలో, అంటే మీ డాట్ ఎం2లో, పడేయడం. ఆ ల్యాప్‌టాప్‌లో ఇంకో ప్రాజెక్టుకి ఆ జార్ అవసరం లేనప్పుడు ఆ పని దండగ. ఇంకొకటి, క్లీన్ అనేది బిల్డ్ ఫలితాలు పడే టార్గెట్ ఫోల్డర్‌నే తుడుస్తుంది, డాట్ ఎం2 జోలికి పోదు. ‘క్లీన్ కొట్టాను కదా’ అనే భరోసా ఇక్కడ పనికిరాదు.

కానీ మీకు జార్ నిజంగానే అవసరమైంది, లైబ్రరీలో మార్పు సర్వీసులో పరీక్షించాలి. అందుకు నేనైతే ముందు రెండు ప్రాజెక్టుల్నీ కలిపి బిల్డ్ చేయమంటాను. రెండు కోడ్ రెపోలూ పక్కపక్కన క్లోన్ చేసి, వాటి పై ఫోల్డర్‌లో రెండింటినీ మాడ్యూల్స్‌గా చూపే ఒక చిన్న పామ్ పెట్టండి. ప్యాకేజింగ్ టైప్ పామ్, రెండు మాడ్యూల్ లైన్లు, అంతే. దాన్ని కమిట్ చేయాల్సిన పని లేదు. అక్కడి నుంచి వెరిఫైకి మైనస్ పీఎల్‌తో (ఏది బిల్డ్ చేయాలో చెప్పేది) సర్వీసు పేరు, దాంతోపాటు మైనస్ ఏఎమ్ (అది ఆధారపడేవి కూడా కట్టమనేది) ఇస్తే, మావెన్ ముందు లైబ్రరీని కట్టి, దాన్నే సర్వీసుకి ఇస్తుంది. లోకల్ రెపోలో ఏమీ పడదు. ఇక్కడ చేసే తప్పు సాధారణంగా మైనస్ ఏఎమ్ మరచిపోవడం. అప్పుడు సర్వీసు ఒక్కటే బిల్డ్ అయి, లైబ్రరీని లోకల్ రెపో నుంచి తీసుకుంటుంది, మళ్లీ పాత కథే. ఇంకో తప్పు వెర్షన్లు సరిపోకపోవడం. లైబ్రరీ పామ్‌లో 2.5.0-స్నాప్‌షాట్, సర్వీసు అడిగేది 2.4.0-స్నాప్‌షాట్ అయితే పక్కన ఉన్నదాన్ని వదిలేసి రెపోకి పోతుంది, చప్పుడు చేయదు. ఒక హెచ్చరిక: ఇలా పాసైనా సర్వర్‌లో పాసవుతుందని కాదు. ఐడీఈలో (కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్) రెండు ప్రాజెక్టులూ తెరిచి పెట్టుకున్నప్పుడు కూడా ఇదే భ్రమ.

రెండో దారి, మీ బ్రాంచ్‌కి వేరే వెర్షన్ పేరు. వెర్షన్స్ ప్లగిన్‌లోని ‘సెట్’ గోల్‌తో (ప్లగిన్ చేసే ఒక పని) లైబ్రరీని 2.4.0-పైసా-స్నాప్‌షాట్ చేసి ఇన్‌స్టాల్ కొట్టండి, సర్వీసు పామ్‌లో తాత్కాలికంగా అదే రాయండి. ఇప్పుడు మీరు పొరపాటున మెర్జ్ చేస్తే సర్వర్ ‘ఈ ఆర్టిఫాక్ట్ దొరకలేదు’ అని తిన్నగా చెబుతుంది. ‘సింబల్ దొరకలేదు’ కన్నా ఇది వంద రెట్లు మేలు, చూడగానే కారణం తెలుస్తుంది. ఖర్చు ఏమిటంటే, మెర్జ్‌కి ముందు రెండు పామ్‌లూ వెనక్కి మార్చడం గుర్తుండాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. మీ బ్రాంచ్ పుల్ చేసిన తోటివాళ్లకి ‘దొరకలేదు’ అన్న ఫలితం కూడా లోకల్ రెపోలో నిలిచిపోతుంది. ‘.లాస్ట్‌అప్‌డేటెడ్’ అని ముగిసే ఫైల్ అదే. తర్వాత మీరు ఆ జార్‌ని పబ్లిష్ చేసినా వాళ్లకి గడువు తీరేదాకా దొరకదు. ఒకసారి మైనస్ యూ పెట్టమని చెప్పండి.

మూడోది మీ డేటా కష్టానికి సరిపోయేది. మీది మావెన్ 3.9 లేదా ఆపైది అయితే, ప్రయోగాలకు వేరే లోకల్ రెపో పెట్టుకుని, అసలైనదాన్ని దానికి తోకగా తగిలించవచ్చు. మైనస్ డీతో (సెట్టింగ్ ఇచ్చే ఆప్షన్) ‘మావెన్.రెపో.లోకల్’కి ఒక ఖాళీ ఫోల్డర్, ‘మావెన్.రెపో.లోకల్.టెయిల్’కి మీ మామూలు డాట్ ఎం2 రిపాజిటరీ ఇవ్వండి. ఉన్న జార్లన్నీ తోక నుంచి చదువుకుంటుంది, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవి ప్రయోగాల ఫోల్డర్‌లోనే పడతాయి. పని అయ్యాక ఆ ఫోల్డర్ పారేస్తే సరి. ఒక్క జీబీ కూడా మళ్లీ దించక్కర్లేదు. మెర్జ్‌కి ముందు మాత్రం ఈ రెండు ఆప్షన్లూ లేకుండా, మైనస్ యూతో ఒకసారి బిల్డ్ కొట్టండి. సర్వర్ చూసేది మీరూ చూస్తారు. కాకపోతే మొదట మీ అసలు డాట్ ఎం2లో మీ సొంత ఇన్‌స్టాల్ ఏదీ మిగిలి ఉండకూడదు, తోకలో ఉన్నా అది పోటీకి వస్తుంది.

దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటి ఉంది. ‘ఏథర్.ఎన్‌హాన్స్‌డ్‌లోకల్‌రిపాజిటరీ.స్ప్లిట్’ అనే ప్రాపర్టీని ట్రూ చేస్తే, మావెన్ 3.9 మీ ఇన్‌స్టాల్‌లను ‘ఇన్‌స్టాల్డ్’ ఫోల్డర్‌లో, దిగుమతుల్ని ‘క్యాష్డ్’ ఫోల్డర్‌లో వేరువేరుగా పెడుతుంది. ఎప్పుడు అనుమానం వచ్చినా ‘ఇన్‌స్టాల్డ్’ ఒక్కటీ తుడిచేయొచ్చు. అయితే ఫోల్డర్ల అమరిక మారుతుంది కనుక మొదటిసారి అన్నీ మళ్లీ దిగుతాయి. డాట్ ఎం2ని నేరుగా చదివే ఇతర టూల్స్‌కి ఈ అమరిక అర్థం కాదు. ఆఫీసుకి వెళ్లి వైఫై దొరికిన రోజున ప్రయత్నించండి.

నాలుగోది మీ ఒక్కరి చేతిలోనే ఉండేది కాదు. సర్వీసు పామ్‌లో స్నాప్‌షాట్ అని కాకుండా 2.4.0-20250619.124005-42 అని పూర్తి టైమ్‌స్టాంప్ రాయొచ్చు. వెర్షన్స్ ప్లగిన్‌లో ‘లాక్-స్నాప్‌షాట్స్’ గోల్ ఈ పనే చేస్తుంది. అప్పుడు అందరూ అదే జార్ వాడతారు, వాదనలుండవు. కానీ కొత్తది కావాలన్నప్పుడల్లా చేత్తో మార్చాలి. కంపెనీ రెపోలో పాత స్నాప్‌షాట్లను కొన్ని రోజులకి తుడిచేసే టాస్క్ ఉంటే, మీ దగ్గర క్యాష్ వల్ల నడుస్తూ, కొత్తగా చేరినవాళ్ల ల్యాప్‌టాప్‌లో ఫెయిలవుతుంది. ఎన్ని రోజులు ఉంచుతారో రెపో చూసేవాళ్లని అడిగాకే ఈ దారి పట్టండి. బెంగళూరు వాళ్లు వారానికో చిన్న రిలీజ్ ఇవ్వగలిగితే దీనికన్నా మంచిది, అడగడంలో తప్పు లేదు.

లీడ్ సంగతి. ఊరుకుంటే ఈ వారం గడిచిపోతుంది, కానీ ‘కంపైల్ చేసుకోదు’ అన్న మాట మీ పేరు మీద మిగిలిపోతుంది. అందరి ముందూ తిరిగి చెబితే నిజం మీ వైపున్నా వాదనలా వినిపిస్తుంది. విడిగా పది నిమిషాలు అడగండి. ‘తప్పు మావెన్‌ది’ అని మొదలుపెట్టకండి. లిస్టింగ్ తెరిచి చూపించండి: “సార్, బిల్డ్ పాసయ్యింది నా లోకల్ జార్‌తో. ఇవిగో రెండు సమయాలు. లైబ్రరీ పబ్లిష్ కాకముందు సర్వీసు మెర్జ్ చేయడం నా పొరపాటు. ఇలా మళ్లీ జరగకుండా రెండు మార్పులు అనుకున్నాను.” ఆ రెండు: లైబ్రరీ పబ్లిష్ అయిన బిల్డ్ నంబర్ రాస్తే తప్ప దాని మీద ఆధారపడిన సర్వీసు మార్పు మెర్జ్ కాకూడదన్నది ఒకటి. సీఐ బిల్డ్‌ని మెర్జ్ తర్వాత కాకుండా మెర్జ్‌కి ముందే నడపడం రెండోది. ఇది ఉండి ఉంటే సోమవారమే మీకు ఒక్కరికే తెలిసి, ఎవరికీ తెలియకుండా సరిదిద్దుకునేవారు. ఆయన వింటే మంచిదే. వినకపోతే అదే విషయం స్ప్రింట్ చివరి మీటింగ్‌లో, పేర్లు లేకుండా, ప్రతిపాదనగా పెట్టండి. అప్పుడు మాట కొంచెం ఆలస్యంగా వెళ్తుంది గానీ టీమ్ మొత్తానికి చేరుతుంది.

గ్రేడిల్‌లో బాధ వేరే రూపంలో ఉంటుంది. అక్కడ స్నాప్‌షాట్‌ని ‘మారే మాడ్యూల్’గా చూస్తుంది, డీఫాల్ట్‌గా 24 గంటలు క్యాష్‌లో ఉంచుకుంటుంది. వెంటనే చూడాలంటే ‘రిఫ్రెష్-డిపెండెన్సీస్’ ఆప్షన్. జాగ్రత్తగా చూడాల్సింది బిల్డ్ ఫైల్‌లో రిపాజిటరీల వరుస. అక్కడ ‘మావెన్‌లోకల్’ మొదట ఉంటే గ్రేడిల్ సమయాలు పోల్చదు. వరుసలో మొదట దొరికినదే తీసుకుంటుంది. ఆరు నెలల కిందట మీరు మరచిపోయిన జార్ కూడా అక్కడ గెలుస్తుంది. చేరిన మొదటి రోజే ఆ లైన్ ఉందో లేదో చూడండి. రెండు ప్రాజెక్టులు కలిపి పరీక్షించడానికి ‘ఇంక్లూడ్-బిల్డ్’ అనే ఆప్షన్ ఉంది, అందుకు మావెన్‌లోకల్ అవసరమే లేదు.

ఇక మీ సీనియర్ ఇచ్చిన సలహా. అది పనిచేసింది, అందుకే మీ దగ్గరా ఫెయిలైంది. అంటే మొదటిసారి మీకు సర్వర్ చూస్తున్నదే కనపడింది. అది అర్థమయ్యేలోపే మళ్లీ ఇన్‌స్టాల్ కొట్టేశారు. కానీ అంత తుడవాల్సిన పని లేదు. లైబ్రరీ కింద 2.4.0-స్నాప్‌షాట్ అన్న ఒక్క ఫోల్డర్ తీసేస్తే చాలు, మళ్లీ దిగేది ఆ ఒక్క లైబ్రరీ జారే. జార్ ఒక్కటే తీసి ఎక్స్‌ఎంఎల్‌లు వదిలేయకండి. లోకల్ మెటాడేటా మిగిలి ఉంటే లెక్క మళ్లీ తప్పుతుంది. డాట్ ఎం2లో రిపాజిటరీ ఫోల్డర్‌తో పాటు సెట్టింగ్స్ ఎక్స్‌ఎంఎల్ కూడా ఉంటుంది. కంపెనీ రెపో చిరునామా, లాగిన్ వివరాలు అందులోనే. మొత్తం లేపేస్తే అవీ పోతాయి. ఈసారి ఎవరైనా ‘లేపెయ్’ అంటే ముందు ఆ ఫైల్‌ని వేరేచోట కాపీ చేసుకోండి. ఆ అన్నకి కూడా ఈ మాట చెప్పండి, రేపు ఆయన సలహా వినేవాళ్లు ఇంకొకరు ఉంటారు.